సబ్బు కూపన్లకి పంచిన బొమ్మ... ఆ చాపెల్‌కి వెళ్లొచ్చాం!

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? పోయిన నెల వీడియోలో ఇంగ్లండ్‌లోని పోర్ట్ సన్‌లైట్‌లో లేడీ లీవర్ ఆర్ట్ గ్యాలరీ చూపించాను కదా. అక్కడ మామిడిపిందెల శాలువా కప్పుకుని, పొడుగాటి నల్ల టోపీ పెట్టుకున్న ముసలావిడ బొమ్మ గుర్తుందా? దాని పేరు 'సాలెం'. 1908లో వోస్పర్ అనే ఆయన వేశాడు. సన్‌లైట్ సబ్బుల కంపెనీ లీవర్ దాన్ని కొనుక్కుని, సబ్బు కూపన్లు పంపినవాళ్లకి ప్రింట్లు పంచాడు. అలా వేల్స్‌లో ఇంటింటికీ చేరింది. శాలువా మడతల్లో, మోచేతి దగ్గర సాతాను మొహం ఉందంటారు. తను కావాలని పెట్టలేదన్నాడు వోస్పర్. నాకైతే ఏమీ కనపడలేదు. మావారికి మాత్రం గడ్డంతో సహా కనిపించింది!

ఇవాళ పులిహోర కట్టుకుని ఆ బొమ్మలో ఉన్న సాలెం చాపెల్‌కే, అంటే చిన్న ప్రార్థన మందిరానికే, బయల్దేరాం. వాయవ్య వేల్స్‌లో లాన్‌బెడర్ దాటాక పెంట్రె గ్విన్‌ఫ్రిన్ అని చిన్న ఊరు. దారికి రెండు పక్కలా రాతి గోడలే. ఎదురుగా ట్రాక్టర్ వస్తే మావారు ఎంత దూరం రివర్స్ చేశారో, ఆ ముక్క కట్ చేసేశాను, ఆయన ఆర్డర్.

ఇదిగో, వచ్చేశాం. "ఇదేనా?" అన్నారు మావారు. శిఖరం లేదు, గంట లేదు, బూడిద రంగు రాయి గోడలు, పలక రాతి కప్పు. ఎవరిదో ఇల్లనుకుని దాటిపోయేవాళ్లమే. 1850లో కట్టి, 1860లో పెంచారట.

ఇలా ఎందుకంటే, వీళ్లు బాప్టిస్టులు, ప్రభుత్వ చర్చిలో చేరని క్రైస్తవులు. ప్రభుత్వ చర్చి ప్రార్థన పుస్తకానికి ఒప్పుకోనివాళ్లని 1662 నుంచే పక్కన పెట్టేశారు. వీళ్లకి గుడి కన్నా ప్రసంగం చెవిన పడే గది ముఖ్యం. ఇలాంటి చాపెళ్లలో బలిపీఠం బదులు ముందు పుల్‌పిట్టే, అంటే ప్రసంగం చేసే వేదికే ఉంటుంది. దాని కింద సంఘ పెద్దలు కూర్చునే చోటుని వెల్ష్‌లో 'సేట్ వౌర్' అంటారు, పెద్ద బల్ల అన్నమాట. పాట మొదలవగానే వాళ్లు జనం వైపు తిరిగి నిలబడతారు. ఇక ఎవరు డుమ్మా కొట్టారో దాచడం కుదరదు! బొమ్మలో చూడండి, బల్లల వరుసలకి చిన్న చిన్న తలుపులున్నాయి. చాలా చోట్ల కుటుంబానికో గడి, దానికి అద్దె కూడా కట్టేవాళ్లట. తర్వాత డబ్బులొచ్చినచోట స్తంభాలు, గ్యాలరీలు పెంచుకుంటూ పోయారు. వేల్స్‌లోనే మోరిస్టన్‌లో 1872లో కట్టిన టబర్నాకల్ అనే చాపెల్‌కైతే ఏకంగా శిఖరమే పెట్టారు. నాకు మాత్రం ఈ చిన్నదే నచ్చింది.

తాళం వేసుంది. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి చూస్తుంటే నా ఊపిరికే అద్దం మసకేసింది. ఒక్క గీత సిగ్నల్ ఉంటే అమ్మకి వీడియో కాల్ కలిపాను.

"సాలెమేంటే, మన బైబిల్లో షాలేము! ఒంగోల్లో ఇలాంటి పేర్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి" అంది. నిజమే. దారిలో సియోన్, బెతెల్, ఎబెనెజర్ బోర్డులు చూసి నాకూ మా ఊరే గుర్తొచ్చింది. ఇక్కడ బెతెస్ద అని ఏకంగా ఒక ఊరే ఉంది, చాపెల్ పేరే ఊరికి పెట్టేశారు. మావైపు మాత్రం బాప్టిస్టులు అమెరికా నుంచి వచ్చారు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మా అమ్మ ఆ సంగతి చెప్పకుండా ఏ ఫోనూ పెట్టదు.

చేత్తో అద్దం తుడిచి ఫోన్ లోపలికి చూపించాను.

"ఆ కిటికీ పక్క బల్ల నాది. గాలొస్తుంది."

"ఇక్కడ గాలెందుకమ్మా, చలికి చస్తుంటే!"

అంతే, సిగ్నల్ పోయింది. మేము కార్లో కూర్చుని పులిహోర తిన్నాం.