ఇద్దరూ కలిసి కొండెక్కే రోజు: నడక లెక్క, వెనుదిరిగే వేళ

నమస్కారం అండీ. టూర్‌కి వెళ్ళినచోట ఒక రోజు ఖాళీ పెట్టుకుని, పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి దిగిపోయేలా మీరిద్దరూ ఒక కష్టమైన కొండ ఎక్కుదామనుకుంటున్నారు. ఈ వీడియో అలాంటివాళ్ళ కోసం. ఏ షూ కొనాలి, ఏ బ్యాగు మంచిది అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి కాబట్టి వాటి జోలికి పోను. జంటగా వెళ్ళినప్పుడు రోజు పాడయ్యేది చాలాసార్లు మొహమాటం వల్లే. ఒకరికి ఓపిక అయిపోయినా చెప్పరు, రెండోవాళ్ళకి అది తెలియదు. చెప్పే సమయానికి చీకటి పడుతుంటుంది. అందుకని ఈ మాటలన్నీ కొండ మీద కాకుండా ముందురోజు రాత్రి గదిలో కూర్చుని తేల్చుకోవాలి.

ముందు లెక్క. ఇప్పుడు స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. ఈ వంకర గీతలు కాంటూర్ గీతలు. ఒక్కో గీత ఒక్కో ఎత్తు. గీతలు దూరదూరంగా ఉంటే నడక హాయిగా ఉంటుంది, ఒకదాని మీద ఒకటి పడ్డట్టు దగ్గరగా ఉంటే నిట్టనిలువు. మ్యాప్‌లో దూరం ఒక్కటే చూసి "పన్నెండు కిలోమీటర్లేగా" అనుకుంటారు చాలామంది. కొండ దగ్గర దూరం కన్నా ఎత్తే ఎక్కువ సమయం తింటుంది.

దీనికి ఒక పాత సూత్రం ఉంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పింది. ఇప్పటి కొలతల్లో చెప్పుకోవాలంటే ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. మన దారి రానూపోనూ 12 కిలోమీటర్లు, ఎక్కాల్సింది 900 మీటర్లు అనుకుందాం. దూరానికి 2 గంటల 24 నిమిషాలు, ఎత్తుకి గంటన్నర. మొత్తం 4 గంటలకి ఓ ఆరు నిమిషాలు తక్కువ. అయితే ఇది అలవాటున్నవాళ్ళు ఆగకుండా నడిస్తే పట్టే సమయం. ఫొటోలు, నీళ్ళు, ఆయాసం, షూలో పడ్డ రాయి ఏవీ ఇందులో లేవు. పైగా మీరు ప్రయాణంలో ఉన్నారు, రాత్రి సరిగ్గా నిద్ర పట్టి ఉండదు. అందుకే ఒకటిన్నర రెట్లు చేసుకోండి, ఆరు గంటలు. ఇందులో ఎక్కడానికే నాలుగు గంటలు పోతాయి. రాళ్ళ దారైతే దిగడం కూడా లెక్కలో వచ్చినంత త్వరగా అవ్వదు, దానికి ఇంకో గంట చేతిలో ఉంచుకోండి.

ఆరింటికి బయల్దేరితే పదికల్లా పైన ఉండాలి. ఇక్కడే వెనుదిరిగే వేళ ఖాయం చేసుకోండి. పదకొండు అనుకోండి. పదకొండయ్యేసరికి శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాల్సిందే. ఇద్దరి ఫోన్లలోనూ అలారం పెట్టండి. ఇంత ఖచ్చితంగా ఎందుకంటే, ప్రయాణికులకి ఒక బలహీనత ఉంటుంది: "ఇంత దూరం వచ్చాం, మళ్ళీ ఎప్పుడొస్తామో ఏమో." ఆ మాట మనసులో తిరుగుతున్నప్పుడు సరైన నిర్ణయం రాదు. కొండ కూడా మభ్యపెడుతుంది. కింద నుంచి చూస్తే శిఖరంలా కనిపించేది అక్కడికి వెళ్ళాక ఉత్త మలుపే అవుతుంది, అసలు శిఖరం దాని వెనక ఉంటుంది. పైగా చాలా పర్వత ప్రాంతాల్లో వేసవిలో పొద్దున ఆకాశం నిర్మలంగా ఉండి, మధ్యాహ్నానికి మబ్బులు పట్టి ఉరుములు మొదలవుతాయి.

ఇంకో ఒప్పందం. ఇద్దరిలో ఎవరు "చాలు" అన్నా, అదే ఆఖరి మాట. కారణం అడగకూడదు, బతిమాలకూడదు. మరుసటి రోజు దెప్పకూడదు కూడా, ఇది మర్చిపోవద్దు.

గదిలో ఉండగానే మరో రెండు పనులు. మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, లేనిది మ్యాప్ బొమ్మే. ఫ్లైట్ మోడ్‌లో పెడితే బ్యాటరీ కూడా నిలుస్తుంది, ఎందుకంటే లేని సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోన్ ఛార్జింగ్ అయిపోతుంది. రెండోది, ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో బస చేసినచోట ఒకరికి చెప్పండి. ఆ దేశంలో ఎమర్జెన్సీ నంబర్ ఏమిటో కనుక్కోండి. యూరోపియన్ యూనియన్ దేశాల్లోనూ, ఇండియాలోనూ 112, అమెరికాలో 911.

ఇక బ్యాగులు. ఇద్దరికీ కలిపి ఒకే బ్యాగు వద్దు. నీళ్ళు, రెయిన్ జాకెట్, తలకి కట్టుకునే లైటు, విజిల్ ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండాలి. పొరపాటున విడిపోతే బ్యాగు లేనివాళ్ళ గతేమిటి? మిగతా బరువు మాత్రం, కెమెరా, ఎక్కువ నీళ్ళు, తినేవి, వేగంగా నడిచేవాళ్ళకి ఇచ్చేయండి. ఇద్దరి వేగం దానంతటదే దగ్గరపడుతుంది. కాటన్ బట్టలు వద్దు, చెమటకి తడిస్తే ఆరవు. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, దానికి గాలి తోడైతే తడి బట్టతో వణుకు పుడుతుంది.

నడక మొదలైంది. నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందుండాలి. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ రోజంతా దీని మీదే ఆధారపడుతుంది. వేగంగా నడిచేవాళ్ళు ముందుంటే ఏమవుతుందో చూడండి. ఆయనో ఆవిడో మలుపు దగ్గర ఆగి, కూర్చుని, నీళ్ళు తాగి, ఎదురుచూస్తారు. రెండోవాళ్ళు రొప్పుతూ వచ్చేసరికి "పద, వెళ్దాం" అని లేస్తారు. విశ్రాంతి దొరికింది అవసరం లేనివాళ్ళకి. అవసరమైనవాళ్ళకి ఒక్క నిమిషం కూడా లేదు. ఇలా మూడు మలుపులు అయ్యాక మాటలు తగ్గిపోతాయి. కోపమో ఆయాసమో తెలియదు.

వేగం ఎంతుండాలి? మాట్లాడుకుంటూ నడవగలిగేంత. ఒక పూర్తి వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా అనలేకపోతున్నారంటే వేగం ఎక్కువైనట్టు. "బాగున్నావా?" అని అడక్కండి, "ఆఁ, బానే ఉన్నా" అనే జవాబే వస్తుంది. "పదికి ఎంత ఓపిక మిగిలింది?" అని అడగండి. అంకె చెప్పేటప్పుడు మొహమాటానికి తావుండదు. సగం దారి ఎక్కేలోపే "నాలుగు" అన్నారంటే, దిగడానికి కూడా అదే నాలుగు సరిపోవాలి కదా. "ఇంకెంత దూరం?" అంటే "ఇదిగో, ఆ చెట్టు దాకానే" అని అబద్ధం కూడా చెప్పొద్దు. ఒకసారి నమ్మకం పోతే ఆ తర్వాత నిజం చెప్పినా వినరు.

మడమ దగ్గర షూ కాస్త వేడిగా రాసుకుంటున్నట్టు అనిపిస్తే అప్పుడే ఆగి టేపు వేయండి. అరగంట ఓర్చుకుంటే బొబ్బవుతుంది, ఆపైన టేపు కూడా నిలవదు.

2500 మీటర్లు దాటే కొండైతే ఇంకో జాగ్రత్త. 3000 మీటర్ల దగ్గర ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదానిలో 70 శాతమే. తలనొప్పి, వికారం, తూలుడు వస్తే ఇంకొక్క అడుగు కూడా పైకి వెయ్యొద్దు. తగ్గకపోయినా, ముదురుతున్నా మందు కిందకి దిగడమే. ఒంటి దారుఢ్యానికీ దీనికీ సంబంధం లేదు, రోజూ జిమ్‌కి వెళ్ళేవాళ్ళకైనా రావచ్చు.

ఉరుము వినిపిస్తే మెరుపు మీ దాకా వచ్చేంత దగ్గర్లో ఉన్నట్టే. శిఖరం మీద, గట్టు మీద, ఒంటరి చెట్టు కింద ఉండకండి, వెంటనే దిగండి. భయమేసి ఒకరినొకరు పట్టుకోవాలనిపిస్తుంది, కానీ అప్పుడు ఎడంగా ఉండాలి. పిడుగు పడితే ఇద్దరికీ ఒకేసారి దెబ్బ తగలకుండా, ఒకరు లేచి రెండోవాళ్ళకి సాయం చేయగలిగేంత ఎడం.

దిగే ముందు షూ ఇలా కట్టండి. కెమెరా కాళ్ళ దగ్గరికి తెస్తున్నాను. పైనుంచి రెండో రంధ్రంలో నుంచి వచ్చిన లేసుని అడ్డంగా తిప్పకుండా, అదే వైపు పై రంధ్రంలోకి తిన్నగా దూర్చండి. చిన్న ఉచ్చులా మిగలాలి, బిగించేయకండి. రెండో వైపూ అంతే. ఇప్పుడు ఎడమ లేసుని కుడి ఉచ్చులోంచి, కుడి లేసుని ఎడమ ఉచ్చులోంచి తీసి రెండూ కలిపి లాగండి. చూశారా, మడమ వెనక్కి అతుక్కుంది. ఇక దిగేటప్పుడు కాలు ముందుకి జారదు, గోళ్ళు షూకి కొట్టుకుని నల్లబడవు.

దిగడం తేలికనుకుంటారు. ఊపిరికి తేలికే, తొడలకి కాదు. ప్రతి అడుగుకీ తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి, అందుకే ఒకదశలో కాళ్ళు వణుకుతాయి. చిన్న చిన్న అడుగులు వేయండి, మోకాలు కొంచెం వంచి ఉంచండి, చేతికర్రలుంటే కొంచెం పొడవు పెంచుకోండి.

ఒకవేళ ఒకరి కాలు బెణికి నడవలేకపోతే, రెండోవాళ్ళు కంగారుగా పరుగెత్తొద్దు. ముందు ఉన్న బట్టలన్నీ తొడిగించి, నేల మీద కాకుండా బ్యాగు మీద కూర్చోబెట్టండి. తర్వాత ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే విజిల్. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు. ఆల్ప్స్ పర్వతాల్లో మొదలైన పద్ధతి ఇది. నిమిషంలో మూడుసార్లు జవాబొస్తే మీ పిలుపు అందినట్టు. అయినా ఊదడం ఆపకండి, వచ్చేవాళ్ళు మీ చప్పుడు పట్టుకునే వస్తారు.

కిందకి వచ్చాక, బస చేసినచోట చెప్పినవాళ్ళకి "వచ్చేశాం" అని చెప్పడం మర్చిపోకండి, లేకపోతే వాళ్ళు మీకోసం వెతకడం మొదలుపెడతారు. తొడల నొప్పి ఆ రాత్రి కాదు, మర్నాడూ ఎల్లుండీ ఎక్కువగా ఉంటుంది. కాబట్టి ఆ రెండు రోజుల్లో మెట్లెక్కే కోటలూ గోపురాలూ పెట్టుకోకండి. ఏ బస్సు ప్రయాణమో పెట్టుకోండి, కిటికీ సీటు కోసం పోట్లాడకుండా కాళ్ళు చాపుకునే సీటు చూసుకోండి.