స్పాన్సర్ దొరకని పాటగాడు

శ్రోతలందరికీ నమస్కారం. ఈ పూట మీతో ఒక పాత టీవీ షో గురించి మాట్లాడాలని ఉంది. అది మనది కాదు, అమెరికాది. పేరు ‘ది నాట్ కింగ్ కోల్ షో’, నాట్ కింగ్ కోల్ అనే గాయకుడు నడిపిన షో. 1956 నవంబర్ 5, సోమవారం రాత్రి ఏడున్నరకి ఎన్‌బీసీ ఛానెల్‌లో మొదలైంది, 1957 డిసెంబర్ 17న ఆగిపోయింది. పట్టుమని పద్నాలుగు నెలలు కూడా నడవలేదు. అంత తక్కువ కాలం నడిచిన షో గురించి ఇన్నేళ్ల తర్వాత చెప్పుకోవడం ఎందుకంటే, అది జనం చూడక ఆగిపోలేదు, పాటలు బాగాలేక ఆగిపోలేదు. మరి ఎందుకు ఆగింది అన్నదే నేను చెప్పాలనుకుంటున్న విషయం.

ముందు షో ఎలా ఉండేదో చెప్తాను. మొదట్లో నిడివి పావుగంట మాత్రమే, అది అవగానే వార్తలు. ఆ రోజుల్లో అమెరికా టీవీలో వెరైటీ షో అంటే పాట పక్కన హాస్యగాళ్లు, గారడీవాళ్లు, డాన్సులు, సర్కస్ ఫీట్లు, అన్నీ కలిపి ఒక తిరనాళ్లలా ఉండేది, కోల్ షోలో మాత్రం ఆ హడావుడి ఏమీ లేదు. చక్కటి సూటులో ఒక సన్నటి పొడుగాటి మనిషి వచ్చి నిలబడేవాడు, వెనక వాద్యబృందం, ఆయన పాడేవాడు, అంతే. గొంతు పెద్దది చేయడు, చేతులు విసరడు, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి చెబుతున్నట్టు పాడతాడు, ప్రతి మాటా స్పష్టంగా వినపడుతుంది. అదంతా ప్రత్యక్ష ప్రసారం. తప్పు వస్తే దేశమంతా చూస్తుంది, ఇప్పటిలా మళ్లీ రికార్డు చేసుకునే వీలు లేదు. అయినా ఆయన ముఖంలో ఎక్కడా టెన్షన్ కనపడదు. అది ఎంత కష్టమో మైకు ముందు ఒక్కసారి నిలబడినవాళ్లకి తెలుస్తుంది.

ఇంకో సంగతి, ఆయన మొదట గాయకుడు కాదు, పియానో వాద్యకారుడు. 1919లో అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో పుట్టి, షికాగోలో పెరిగి, 1930ల చివర్లో కాలిఫోర్నియాలో ముగ్గురు మనుషుల బృందం ఒకటి కట్టాడు: పియానో, గిటార్, బేస్. డ్రమ్స్ లేవు. డ్రమ్స్ లేకుండా జాజ్ ఏంటని అనుకునే కాలంలో ఆ ముగ్గురూ తాళాన్ని తమ వేళ్లలోనే పెట్టుకుని వాయించారు. తర్వాత వచ్చిన ఆస్కార్ పీటర్సన్, రే చార్ల్స్ లాంటి పేరున్న పియానో కళాకారులు ఆయన్ని విని నేర్చుకున్నామని స్వయంగా చెప్పుకున్నారు. పాట వల్ల వచ్చిన పేరు ఎంత పెద్దదైందంటే, వేళ్ల గొప్పతనం జనం మర్చిపోయారు. షోలో అప్పుడప్పుడు ఆయన పియానో దగ్గర కూర్చుంటే నాకు మాత్రం పాట కంటే అదే ఎక్కువ నచ్చుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మనం ఇప్పుడు రేడియోలో మాట్లాడుకుంటున్నాం కదా, ఈ కథలో రేడియోకి ఒక పెద్ద పాత్ర ఉంది. టీవీ షోకి పదేళ్ల ముందే, 1946లో, ఇదే ఎన్‌బీసీ రేడియోలో ఈయన బృందానికి సొంత కార్యక్రమం ఉండేది. ‘కింగ్ కోల్ ట్రియో టైమ్’ అని, శనివారాల్లో, అది కూడా పావుగంటే. దానికి స్పాన్సర్ ఉంది! వైల్డ్‌రూట్ అనే తలకు రాసుకునే క్రీమ్ కంపెనీ డబ్బులిచ్చి నడిపించింది. ఒక నల్లజాతి సంగీతకారుడికి దేశవ్యాప్త రేడియోలో అలా జరగడం చాలా పెద్ద విషయం. అంటే అదే మనిషి, అదే సంస్థ, అదే పావుగంట. రేడియోలో ఒక కంపెనీ ముందుకొచ్చింది. టీవీకి వచ్చేసరికి, అప్పటికి ఆయన రికార్డులు లక్షల్లో అమ్ముడుపోతున్నాయి, ఆయన పాటలు విడుదల చేసే క్యాపిటల్ రికార్డ్స్ కంపెనీ భవనాన్ని నాట్ కట్టిన ఇల్లు అని అంటున్నారు, అయినా దేశం మొత్తానికి కట్టుబడి నిలిచే స్పాన్సర్ ఒక్కరూ దొరకలేదు. గొంతు వినపడినంతవరకు పర్వాలేదు, ఆ ముఖం ఇళ్లలోకి వస్తుందనేసరికి కంపెనీలు వెనక్కి తగ్గాయి. నాకు ఈ రెండు షోలనీ పక్కపక్కన పెట్టి చూస్తే వేరే వివరణ ఏదీ అవసరం లేదనిపిస్తుంది.

స్పాన్సర్ లేకపోతే అంత నష్టమా అని అడగొచ్చు. అప్పటి టీవీ నడిచిందే అలా. ఒక్కో కార్యక్రమాన్ని ఒక్కో కంపెనీ దాదాపు సొంతం చేసుకునేది, పేరులోనే సరుకు ఉండేది: టెక్సకో స్టార్ థియేటర్, కోల్గేట్ కామెడీ అవర్. రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా విన్న మన పెద్దవాళ్లకి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది, అక్కడ పళ్ల పేస్టు పేరు లేకుండా కార్యక్రమం పేరే లేదు కదా. స్పాన్సర్ లేని కార్యక్రమాన్ని ఛానెల్ తన ఖర్చుతో నడుపుకోవాలి. ఎన్‌బీసీ కోల్ షోని అలాగే నడిపింది, ఈ విషయంలో ఆ సంస్థకి ఇవ్వాల్సిన మెప్పు ఇవ్వాలి. 1957 జూలైలో పావుగంటని అరగంట చేసింది, నెల్సన్ రిడిల్ అనే పేరున్న సంగీత దర్శకుడి వాద్యబృందాన్ని పెట్టింది. రైన్‌గోల్డ్ అనే బీరు కంపెనీ ఒకటి తన ప్రాంతం వరకు స్పాన్సర్ చేసింది. దేశం మొత్తానికి మాత్రం ఎవరూ నిలబడలేదు.

కంపెనీల భయం ఏమిటంటే, దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవాళ్లు తమ సరుకుని బహిష్కరిస్తారని. ఆ ఏడాది పరిస్థితి చూడండి. షో మొదలవడానికి ఏడు నెలల ముందు, 1956 ఏప్రిల్ 10న, అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఆయన కచేరీ చేస్తుంటే కొందరు తెల్లవాళ్లు వేదిక మీదికి దూకి ఆయన మీద పడ్డారు. ఆ కచేరీ వినడానికి వచ్చింది కేవలం తెల్లవాళ్లే, అంటే తమవాళ్లు టికెట్ కొనుక్కుని వింటున్న పాటగాడినే కింద పడేశారు. దెబ్బలు తిన్న మనిషి ఆ రాత్రే నల్లజాతి శ్రోతల కోసం పెట్టిన రెండో కచేరీ మాత్రం పాడి వెళ్లాడు. మళ్లీ జీవితంలో దక్షిణాదిలో పాడలేదు. ఆయన పుట్టిన మాంట్‌గోమరీలోనే అప్పుడు బస్సుల బహిష్కరణ ఉద్యమం నడుస్తోంది, షో మొదలైన ఎనిమిది రోజులకే, నవంబర్ 13న, బస్సుల్లో వేరు చేసి కూర్చోబెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1957 సెప్టెంబర్‌లో లిటిల్ రాక్ అనే ఊళ్లో తొమ్మిది మంది నల్లజాతి పిల్లలని అప్పటిదాకా తెల్లవాళ్లకే ఉన్న బడికి పంపడానికి సైన్యం రావాల్సి వచ్చింది. దేశం అలా అట్టుడుకుతుంటే, వారం వారం ఒక నల్లజాతి మనిషి ప్రతి ఇంటి ముందుగదిలోకి అతిథిగా కాదు, ఆతిథ్యం ఇచ్చేవాడిగా వచ్చి నవ్వుతూ పలకరిస్తున్నాడు. తెల్లవాళ్ల షోలో ఒక పాట పాడి వెళ్లే నల్లజాతి కళాకారుడిని టీవీ అప్పటికే చూసింది. కార్యక్రమం నాది, రండి అని పిలిచేవాడిని చూడటానికే చాలామంది సిద్ధంగా లేరు.

సొంత షో వచ్చిన నల్లజాతి కళాకారుల్లో ఆయనే మొదటివాడు కాదని కూడా చెప్పాలి. 1950లో డ్యూమాంట్ అనే ఛానెల్‌లో హేజల్ స్కాట్ అనే గొప్ప నల్లజాతి పియానో కళాకారిణికి సొంత షో వచ్చింది. కమ్యూనిస్టుల వేట నడుస్తున్న కాలం, ఆమె పేరు కూడా అందులోకి లాగారు, ఆమె స్వయంగా వెళ్లి అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కమిటీ ముందు గట్టిగా మాట్లాడింది, కొద్ది రోజులకే షో తీసేశారు.

కోల్ షోలో నన్ను బాగా కదిలించేది మాత్రం తోటి కళాకారులు చేసిన పని. డబ్బు లేదని తెలిసి ఎల్లా ఫిట్జెరాల్డ్, హ్యారీ బెలఫాంటే, పెగ్గీ లీ, మెల్ టార్మే, ఎర్తా కిట్ లాంటి వాళ్లు యూనియన్ నిర్ణయించిన కనీస పారితోషికానికే, కొందరైతే అదీ తీసుకోకుండా, వచ్చి పాడారు. వీళ్లలో తెల్లవాళ్లూ ఉన్నారు, నల్లజాతివాళ్లూ ఉన్నారు. ఒక్క రాత్రి పాడితే వేల డాలర్లు వచ్చే మనుషులు వాళ్లంతా. కోల్ కూడా క్లబ్బుల్లో పాడితే వచ్చే డబ్బు వదులుకునే ఈ షో చేశాడు.

కోల్ మెత్తటి మనిషి, పోరాటం చేయలేదు అని అప్పట్లో ఆయన మీద విమర్శ వచ్చింది. తెల్లవాళ్లని, నల్లవాళ్లని విడివిడిగా కూర్చోబెట్టే హాళ్లలో పాడాడని నల్లజాతి పత్రికలే తప్పుపట్టాయి. ఆ విమర్శలో న్యాయం లేదని నేను అనను. కానీ 1948లో లాస్ ఏంజెలెస్‌లో తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొన్నప్పుడు, అవాంఛనీయమైన వాళ్లు ఇక్కడికి రావడం మాకు ఇష్టం లేదని చుట్టుపక్కలవాళ్లు చెబితే, నాకూ ఇష్టం లేదు, అలాంటివాళ్లు ఎవరైనా కనపడితే ముందు నేనే ఫిర్యాదు చేస్తానని జవాబిచ్చి, ఆ ఇంట్లోనే ఉన్న మనిషి ఆయన. అరవకపోవడం వేరు, లొంగిపోవడం వేరు. టీవీలోనూ అంతే, పాట పద్ధతి మార్చుకోలేదు, ఎవరినీ బతిమాలలేదు. ఛానెల్ వేళ మార్చి శనివారం సాయంత్రానికి జరిపి కొనసాగిద్దామంటే ఒప్పుకోకుండా తనే ఆపేశాడు. తర్వాత 1958లో ఎబొనీ అనే నల్లజాతివాళ్ల పత్రికలో తన షో ఎందుకు వదిలేశానో సొంత పేరుతో రాశాడు. ప్రకటనల కంపెనీలన్నీ ఉండే న్యూయార్క్ వీధి పేరు చెప్పి, మాడిసన్ ఎవెన్యూకి చీకటంటే భయం అన్నాడు. ఇంగ్లీషులో ‘డార్క్’ అంటే చీకటీ, నల్లటి రంగూ రెండూను. ఎన్‌బీసీని నిందించలేదు, జనాన్ని నిందించలేదు.

ఆ తర్వాత 1959లో నల్లజాతి గాయకుడు హ్యారీ బెలఫాంటే టీవీ కార్యక్రమానికి రెవ్‌లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ స్పాన్సర్ చేసింది, దానికి ఆయనకి టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది. అదే ఎన్‌బీసీలో 1970లో మొదలైన, నల్లజాతి హాస్యనటుడు ఫ్లిప్ విల్సన్ షో దేశంలో అందరికంటే ఎక్కువమంది చూసే కార్యక్రమాల్లో చేరింది. కోల్ అది చూడలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1965 ఫిబ్రవరి 15న పోయాడు, అప్పటికి ఆయనకి 45 ఏళ్లు.

అప్పట్లో ప్రత్యక్ష ప్రసారాన్ని దాచుకోవాలంటే టీవీ తెర ముందు సినిమా కెమెరా పెట్టి తీసేవాళ్లు. అలా తీసిన ఫిల్ములు ఈ షోవి కొన్ని మిగిలాయి, బొమ్మ మసకగా ఉంటుంది, శబ్దం మాత్రం బాగానే ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మీకు జాజ్ అలవాటు లేకపోయినా సరే, 1957 అక్టోబర్ 15 నాటి కార్యక్రమం వెతకండి, అందులో ఆస్కార్ పీటర్సన్, కోల్‌మన్ హాకిన్స్, స్టాన్ గెట్జ్ లాంటి పెద్ద జాజ్ కళాకారులు ఒకే వేదిక మీద ఉన్నారు. అది అయ్యాక మామూలు వారం ఏదైనా, ఆయన ఒక్కడే నిలబడి పాడినది, ఒకటి చూడండి. నమస్కారం.