హలో, మీ ఫోన్ మోగుతోందా?

(కొత్త స్మార్ట్‌ఫోన్ కొన్నవాళ్ల సందేహాల మీద నడిచిన రేడియో ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. జవాబులు చెప్పినాయన సెల్ రిపేర్ షాపు నడుపుతారు.)

వ్యాఖ్యాత: తెనాలి నుంచి లైన్లో ఉన్నారు. అమ్మా, ముందు మీ రేడియో సౌండ్ తగ్గించండి, గోలగా వినిపిస్తోంది.

శ్రోత (తెనాలి): తగ్గించానమ్మా. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. సంక్రాంతికి వచ్చి కొత్త ఫోన్ కొనిచ్చాడు. వాడు చేస్తే వేరే పాట మోగేట్టు మనవరాలు పెట్టింది. ఇక్కడున్నన్నాళ్లూ బాగానే మోగింది. వాళ్లు విమానం ఎక్కినప్పటి నుంచి వాడు చేసినా, పాలబ్బాయి చేసినా ఒకటే మోత. ఫోన్ పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది బాబూ.

మెకానిక్: పాడవలేదు పిన్నిగారూ. ఇక్కడున్నప్పుడు మామూలు కాల్ చేసేవాడు, ఇప్పుడు వాట్సాప్‌లో చేస్తున్నాడు, అవునా?

శ్రోత: వాట్సాపే. మామూలుగా చేస్తే డబ్బులు తగలేసినట్టే అంటాడు.

మెకానిక్: అదీ సంగతి. మనవరాలు పాట పెట్టింది కాంటాక్ట్స్‌లో. అది మామూలు కాల్‌కే పనిచేస్తుంది. వాట్సాప్ కాల్‌కి మోత వాట్సాప్‌లోనే పెట్టాలి. ఇప్పుడు మీ ఫోన్‌తోనే మాట్లాడుతున్నారా?

శ్రోత: లేదు, పక్కింటివాళ్లది. నాది చేతిలో పట్టుకునే కూర్చున్నా.

మెకానిక్: మంచి పని చేశారు. వాట్సాప్‌లో అబ్బాయి చాట్ తెరిచి, పైన వాడి పేరు మీద నొక్కండి.

శ్రోత: ఉండు, కళ్లజోడు... ఆ, నొక్కా. వాడి ఫోటో పెద్దగా వచ్చింది.

మెకానిక్: కిందికి జరిపితే ‘నోటిఫికేషన్స్’ అని ఉంటుంది. అందులో వాడికి విడిగా పెట్టుకునే వీలుంది. మెసేజ్‌కి ఒక చప్పుడు, కాల్‌కి ఒక రింగ్‌టోన్. మీరు కాల్ దగ్గరున్నది మార్చాలి.

శ్రోత: కనపడింది. ఇక్కడ పాట పెట్టమంటావా?

మెకానిక్: పెట్టొచ్చు కానీ ఒక మాట. మన దేశంలో ఎత్తని మామూలు సెల్ కాల్ 30 సెకన్లు మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో నిర్ణయించింది. చాలామంది పాట మొదటినుంచీ పెడతారు. వీణ, వేణువు అయిపోయి పల్లవి అందుకునేలోపు కాల్ కట్ అయిపోతుంది. మొదటి సెకన్‌లోనే గట్టిగా అందుకునే ముక్క కోసి పెట్టుకోవాలి. ఇంకోటి, వయసు పైబడితే ముందు సన్నటి, కీచు శబ్దాలే వినపడడం తగ్గుతుంది. ఈల వేసినట్టుండే టోన్లు వద్దు. పాత ల్యాండ్‌లైన్ గంట లాంటిదైతే వంటింట్లో ఉన్నా వినపడుతుంది.

శ్రోత: మనవరాలి గొంతు పెట్టుకోవచ్చా? ‘నానమ్మా, ఫోనెత్తు’ అని?

మెకానిక్: భేషుగ్గా. రికార్డర్ యాప్‌లో అనిపించి, ఆ ఫైలు మీకు పంపమనండి. అరుస్తూ మొదలుపెట్టమనండి, ఏం ఫర్వాలేదు.

వ్యాఖ్యాత: (నవ్వు) మోగితే వీధంతా ఎత్తుతారు. తర్వాతి కాల్ కర్నూలు నుంచి.

శ్రోత (కర్నూలు): సార్, నా ఫోన్‌కి పాట పెట్టుకున్నా. ఫ్రెండ్స్ చేస్తే వాళ్లకి మాత్రం ట్రింగ్ ట్రింగ్ అనే వస్తోందంట.

మెకానిక్: నువ్వు పెట్టింది రింగ్‌టోన్, అది నీకే వినపడుతుంది. చేసినవాళ్లకి వినపడేది కాలర్ ట్యూన్. అది ఫోన్‌లో ఉండదు, సిమ్ కంపెనీ పెట్టాలి. డబ్బులు పడతాయో లేదో చూసుకుని పెట్టుకో తమ్ముడూ.

వ్యాఖ్యాత: జనగామ నుంచి, హలో...

శ్రోత (జనగామ): నమస్తే అన్నా. రెండు తిప్పలున్నయ్. మొదటిది, పక్కన బటన్ నొక్కి సౌండ్ ఫుల్ పెడతా, అయినా రింగ్ చిన్నగనే వస్తది.

మెకానిక్: నా షాపుకి వచ్చేవాళ్లలో చాలామందిది ఇదే బాధ. ఆ బటన్ చాలా ఫోన్లలో వీడియోలు, పాటల సౌండ్‌నే పెంచుతుంది. బటన్ నొక్కగానే స్క్రీన్ మీద ఒక గీత వస్తుంది కదా, దాని దగ్గర మూడు చుక్కలు ఉంటాయి. అవి నొక్కితే ఇంకో నాలుగైదు గీతలు వస్తాయి. అందులో గంట బొమ్మో, ఫోన్ బొమ్మో ఉన్నది పెంచాలి. రెండోది?

శ్రోత: కాల్ వస్తే ఎత్తరాట్లేదు. నొక్కుతనే ఉంటా, అది మోగుతనే ఉంటది. నేనేం ముట్టుకోలేదన్నా, ఒకనాడు పొద్దుగాల చూస్తే అంతా మారిపోయింది.

మెకానిక్: మీరు ముట్టుకోలేదన్నది నిజమే. 2025 ఆగస్టులో గూగుల్ తన ఫోన్ యాప్ రూపు మార్చింది. చాలా కంపెనీల ఫోన్లలో కాల్స్‌కి వాడేది ఆ యాపే. రాత్రికి రాత్రి అప్‌డేట్ వచ్చి కూర్చుంది. అడక్కుండా మార్చడం నాకైతే నచ్చలేదు. పెద్దవాళ్లకి చేతి అలవాటు పోతే మళ్లీ రావడం కష్టం. ఇప్పుడు నొక్కడం కాదు, వేలితో పక్కకి జరపాలి. లేదంటే ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో ‘ఇన్‌కమింగ్ కాల్ జెస్చర్’ అని ఉంటుంది, అందులో ‘సింగిల్ ట్యాప్’ పెట్టుకోండి. ఒక్కసారి నొక్కితే ఎత్తుతుంది.

శ్రోత: గంతేనా! నేను ఫోనే అమ్ముదామనుకున్న.

వ్యాఖ్యాత: అమ్మకండి అన్నా. ఇప్పుడు అనకాపల్లి నుంచి ఒక కాల్.

శ్రోత (అనకాపల్లి): రింగ్‌టోన్ల యాప్ ఒకటి వేశానండి. అప్పట్నుంచి లాక్ తీస్తే చాలు యాడ్లు. ఎలా ఆపాలి?

మెకానిక్: అసలు రింగ్‌టోన్‌కి యాప్ ఎందుకు? పాట ఫైలు ఫోన్‌లో ఉంటే సౌండ్ సెట్టింగ్స్‌లోంచి నేరుగా పెట్టుకోవచ్చు. ఎక్కడ దొరికింది ఆ యాప్, ప్లే స్టోర్‌లోనా?

శ్రోత: కాదండి, గ్రూపులో ఎవరో ఫైలు పెట్టారు.

మెకానిక్: ఫైలు పేరు చివర ఏపీకే, అంటే యాప్‌ని నేరుగా ఫోన్‌లో వేసే ఫైలు, అని ఉందా?

శ్రోత: ఉన్నట్టుంది.

మెకానిక్: వేసేటప్పుడు ఏమేం అడిగింది? జాగ్రత్తగా గుర్తు తెచ్చుకోండి.

శ్రోత: కాంటాక్ట్స్ అడిగింది... మెసేజ్‌లు చదవొచ్చా అని అడిగింది. అన్నిటికీ అలౌ కొట్టేశాను.

మెకానిక్: పాట మోగించడానికి మీ మెసేజ్‌లతో దానికేం పని? మెసేజ్‌లలో ఓటీపీలు ఉంటాయి. పెళ్లి శుభలేఖ అనీ, బండి చలానా అనీ వచ్చే ఏపీకేలది కూడా ఇదే పద్ధతి. బ్యాంకు నంబర్ ఈ సిమ్మేనా?

శ్రోత: అవునండి. పొద్దున రెండు ఓటీపీలు వచ్చాయి, నేనేం కొనలేదు. తప్పుగా వచ్చాయేమో అనుకున్నా.

మెకానిక్: ఇప్పుడు మాట్లాడుతున్నది అదే ఫోనా?

శ్రోత: అదే.

మెకానిక్: ఇంట్లో ఇంకో ఫోన్ ఉందా?

శ్రోత: మా నాన్నగారి బటన్ ఫోన్ ఉంది.

మెకానిక్: అయితే ఇది కట్ చేసి, వైఫై, డేటా ఆపి ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నాన్నగారి ఫోన్‌తో ముందు బ్యాంకుకి చేసి ఖాతా ఆపించండి. నంబర్ పాస్‌బుక్ మీదో, కార్డు వెనకో ఉంటుంది. గూగుల్‌లో వెతకొద్దు, అక్కడా దొంగ నంబర్లుంటాయి. డబ్బు పోయిందని తెలిస్తే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. యాప్ తీయడం ఆ తర్వాత. దాని బొమ్మ కనపడకుండా దాక్కోవచ్చు, ఫోన్ షాపుకి తీసుకెళ్లి చూపించండి.

శ్రోత: యాడ్ల సంగతి...

మెకానిక్: యాడ్లు రేపు చూద్దాం. పెట్టెయ్యండి ముందు.

వ్యాఖ్యాత: పెట్టేశారు.