తగిలిన గీతలన్నీ కలిసినట్టేనా?

(స్టూడియో చర్చ లిఖిత రూపం. పాల్గొన్నవారు: చిన్న ఓపెన్ సోర్స్ స్కీమాటిక్ ఎడిటర్ (సర్క్యూట్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) రాస్తున్న డెవలపర్, ఆమెకు ఒకప్పుడు పాఠాలు చెప్పిన పాలిటెక్నిక్ లెక్చరర్, బోరు మోటార్లకు స్టార్టర్ ప్యానళ్లు కట్టే ఎలక్ట్రీషియన్.)

యాంకర్: నమస్కారం. టేబుల్ మీద ఈ కాగితం ఏంటో తెలుసుకుని మొదలుపెడదాం. నాకు గీతలు, గుండ్రాలు, అంకెలు తప్ప ఏమీ కనబడట్లేదు. ఎవరిదండీ ఇది?

ఎలక్ట్రీషియన్: నాదేనండి. స్టార్టర్ ప్యానల్ కంట్రోల్ వైరింగ్. ఇదివరకు చేత్తో గీసి ప్యానల్ తలుపు లోపల అంటించేవాణ్ని. రెండేళ్లకి మాసిపోయేది. మోటారు ఆగిన రోజున వేరే మెకానిక్ వస్తే అతనికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇది మేడమ్ గారి సాఫ్ట్‌వేర్‌లో గీసి ప్రింట్ తీసింది.

యాంకర్: మేడమ్, నాలుగు గీతలు గీయడానికి పెయింట్ చాలదా? సాఫ్ట్‌వేర్ రాయాలా?

డెవలపర్: నేనూ అలాగే అనుకుని దిగానండి. గీత, పెట్టె, అక్షరం వస్తే ఎడిటర్ అయిపోయినట్టే అని. మూడు వారాల్లో తెరమీద రెసిస్టర్ పెట్టి, తిప్పి, వైరు లాగేశా. ఇంట్లో అందరినీ పిలిచి చూపించా కూడా. ఆ వైరు దేనికి కలిసిందో ప్రోగ్రాంకి తెలియజెప్పడానికి మాత్రం రెండేళ్లు పట్టింది. పెయింట్‌లో గీత అంటే రంగు చుక్కల వరస, అంతే. ఇక్కడ గీత అంటే కనెక్షన్. ఫలానా ఐసీ, అంటే చిప్పు, దాని నాలుగో కాలు ఫలానా కెపాసిటర్‌కి కలిసింది అని చెప్పే జాబితాని నెట్‌లిస్ట్ అంటాం. బోర్డు తయారయ్యేది దాన్నిబట్టే.

లెక్చరర్: ఆ 555 టైమర్ ఐసీ కథ చెప్పమ్మా. నా ల్యాబ్‌లో నలుగురు పిల్లలు పిచ్చెక్కిపోయారు.

డెవలపర్: చెప్పక తప్పదా సార్! సార్ వాళ్ల విద్యార్థులు నా ఎడిటర్‌లో ఎల్ఈడీ వెలిగి ఆరే సర్క్యూట్ గీశారు. సీమాస్ రకం 555. దాని నాలుగో కాలు రీసెట్, దాన్ని ప్లస్ సప్లైకి కలపాలి. కలిపారు. తెరమీద వైరు కాలికి చక్కగా ఆనుకునే ఉంది. నెట్‌లిస్ట్ తీసి, దాన్నిబట్టే బోర్డు ట్రాకులు వేసి, ఎచింగ్ చేసి, సోల్డర్ చేశారు. ఎల్ఈడీ ఒకసారి వెలుగుతుంది, ఒకసారి వెలగదు. వేలు దగ్గరికి పెడితే వేగం మారిపోతోంది.

లెక్చరర్: వాళ్లలో ఒకడు, సార్, ఇది టచ్ సెన్సర్ అని ప్రాజెక్టుగా పెట్టేద్దామా అన్నాడు.

యాంకర్: తప్పెక్కడ?

డెవలపర్: నాలుగో కాలు గాల్లో ఉంది. ఎందుకంటే ఆ ఐసీని వాళ్లు 90 డిగ్రీలు తిప్పి పెట్టారు. నేను తిప్పడానికి సైన్, కొసైన్ వాడాను. లెక్కల పుస్తకంలో కాస్ 90 అంటే సున్నా. కంప్యూటర్‌లో దశాంశాల లెక్క ప్రకారం చూస్తే సున్నా రాదు. పాయింట్ తర్వాత పదహారు సున్నాలు, ఆ తర్వాత ఆరు అని వస్తుంది. దాంతో కాలు కొస 100 దగ్గర ఉండాల్సింది 99.99999 దగ్గర కూర్చుంది. కంటికి తేడా లేదు. ప్రోగ్రాం మాత్రం రెండూ సమానమా అని అడిగి, కాదని తేల్చుకుని, కలపకుండా వదిలేసింది.

ఎలక్ట్రీషియన్: స్క్రూ బిగించకుండా వైరు టెర్మినల్లో దూర్చి వదిలేసినట్టు.

డెవలపర్: అచ్చం అదేనన్నా. తర్వాత దశాంశాలన్నీ పీకేసి కొలతలన్నీ పూర్ణాంకాల్లో పెట్టాను. 90 డిగ్రీలు తిప్పడానికి అసలు కొసైన్ ఎందుకు? ఎక్స్, వై అటూ ఇటూ మార్చి ఒకదానికి మైనస్ పెడితే చాలు. ఇంకోటి, కాళ్లన్నీ గ్రిడ్ మీదే పడాలని కట్టడి చేశాను. కైక్యాడ్ అని సర్క్యూట్లూ బోర్డులూ గీసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, దాంట్లో మామూలుగా వాడే గ్రిడ్ 50 మిల్స్, అంటే 1.27 మిల్లీమీటర్లు. నేనూ అదే పెట్టుకున్నా.

యాంకర్: సరే, ఇప్పుడు చివరలు కలిశాయి. మరి రెండు గీతలు ఒకదాన్నొకటి దాటితే?

లెక్చరర్: ఆ, నేను పాతికేళ్లుగా పిల్లలతో పోట్లాడేది అక్కడే. దాటితే కలిసినట్టు కాదు, చుక్క పెడితేనే కలిసినట్టు. మా రోజుల్లో దాటేచోట చిన్న వంతెనలా వంపు గీసేవాళ్లం. ఇప్పుడది దాదాపు పోయింది. నాలుగు వైపుల నుంచి వైర్లొచ్చి ఒకేచోట కలవకూడదు, రెండు టీ జంక్షన్లుగా పక్కపక్కన జరపాలి అని చెబుతాను. ఎందుకంటారా? జిరాక్స్ తీస్తే చుక్క ఎగిరిపోవచ్చు, మచ్చ పడి చుక్కలా కనబడొచ్చు. రెండు టీలుగా గీస్తే చుక్క చెరిగినా అర్థం చెరగదు.

డెవలపర్: సార్ క్లాసులో చెప్పినప్పుడు చాదస్తం అనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక తెలిసింది. ప్రోగ్రాం లోపల జరిగేది పెళ్లి సంబంధాల్లాంటిది. మొదట్లో ప్రతి కాలూ, ప్రతి వైరూ ఎవరి ఇంటికి వాళ్లే పెద్ద. ఒక వైరు కొస ఇంకోదాన్ని తాకితే రెండిళ్లూ కలిసి ఒకే పెద్ద కిందికి వస్తాయి. ఇంకో వైరు తాకితే ఇంకో ఇల్లు చేరుతుంది. చివర్లో ప్రతి కాలునీ మీ పెద్ద ఎవరు అని అడగడమే. ఒకే పేరు చెప్పినవాళ్లంతా ఒకే నెట్. దీన్ని యూనియన్ ఫైండ్ అంటారు, కోడు యాభై గీతలు కూడా ఉండదు. కష్టమంతా ఎవరు ఎవర్ని తాకారు అన్నది తేల్చడంలోనే.

యాంకర్: సార్, మీరు చర్చకు ముందు మేకప్ గదిలో ఒక మాటన్నారు. కైక్యాడ్ ఉండగా ఇది దండగ అని.

లెక్చరర్: (నవ్వు) దండగ అనలేదండీ, అవసరమా అన్నాను. కైక్యాడ్‌ని 1992లో ఫ్రాన్స్‌లో జాన్ పియెర్ షారా అనే అధ్యాపకుడు మొదలుపెట్టారు. 2013 నుంచి యూరప్‌లోని సెర్న్ పరిశోధన సంస్థ వాళ్లు చేయి వేశారు. ఇప్పుడు కంపెనీల్లో కూడా వాడుతున్నారు. ఐఐటీ బాంబేలో ఫాసీ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వాళ్లు కైక్యాడ్‌నీ, సర్క్యూట్‌ని కంప్యూటర్‌లోనే నడిపి చూసే ఎన్‌జీస్పైస్‌నీ కలిపి ఈసిమ్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. పిల్లలు రేపు ఉద్యోగానికి వెళ్తే అడిగేవి అవి. నా విద్యార్థి రాసిందని నేను వాళ్లకి ఇదే నేర్పితే వాళ్లకి అన్యాయం కాదా?

డెవలపర్: ఆ ప్రశ్నకి నా దగ్గర దాచుకున్న జవాబేమీ లేదు సార్. బోర్డు చేసే పిల్లలు కైక్యాడే నేర్చుకోవాలి. నేనూ ఉద్యోగంలో అదే వాడతాను. నాది బోర్డు చేయదు, సిమ్యులేషన్ చేయదు. స్కీమాటిక్ గీస్తుంది, నెట్‌లిస్ట్ ఇస్తుంది, ఏ4 మీద ప్రింట్ వేస్తుంది. పాత కంప్యూటర్ మీద కూడా రెండు సెకన్లలో తెరుచుకుంటుంది. ఇంతకంటే పెంచమని అడిగితే వద్దంటున్నా.

లెక్చరర్: వద్దంటావు గానీ వాడేవాళ్లు ఊరుకోరు.

డెవలపర్: ఊరుకోరు. అన్న ఊరుకోలేదు.

ఎలక్ట్రీషియన్: నేనేమడిగాను మేడమ్? ఉన్నదే అడిగా. కాంటాక్టర్ ఉందండి, మోటారుకి కరెంటు కలిపి తీసే స్విచ్. దానికి కాయిల్ ఏ1, ఏ2. పక్కన 13, 14 అని ఒక కాంటాక్ట్. స్టార్ట్ బటన్ నొక్కి వదిలేశాక కాయిల్‌ని పట్టి ఉంచేది అదే, హోల్డింగ్ అంటాం. బొమ్మలో కాయిల్ అడుగున ఉంటుంది, ఆ కాంటాక్ట్ స్టార్ట్ బటన్ పక్కన ఉంటుంది. వస్తువొకటే, బొమ్మలో రెండు చోట్ల ఉండాలి. మేడమ్ గారి దాంట్లో మొత్తం కాంటాక్టర్ ఒకే పెట్టెలా వచ్చేది. వైర్లన్నీ దాని చుట్టూ పురికొస చుట్టినట్టు చుట్టుకునేవి.

డెవలపర్: ఎలక్ట్రానిక్స్‌లోనూ ఉందిది. 7400 ఐసీలో నాండ్ గేట్లనే లాజిక్ సర్క్యూట్లు నాలుగుంటాయి, నాలుగూ నాలుగు మూలల గీస్తాం. నేనా సంగతి తర్వాత చూద్దాంలే అని వాయిదా వేశా. ఒక గుర్తు అంటే ఒక వస్తువు అని కోడంతా రాసేశా. అన్న వచ్చాక సగం కోడు తిరగరాశాను. పైగా 7400 గుర్తులతో ఇంకో తంటా ఉంది. 14, 7 కాళ్లు కరెంటువి. పాత లైబ్రరీల్లో వాటిని బొమ్మలో చూపించరు, పేరునిబట్టి దానంతటదే కలిసిపోతాయి. బోర్డు మీద 5 వోల్టులు, 3.3 వోల్టులు రెండూ ఉంటే దాక్కున్న కాలు దేనికి కలిసిందో గీసినవాడికే తెలియదు. నా ఎడిటర్‌లో దాక్కునే కాళ్లు లేవు. ఉన్న కాలు కనబడాల్సిందే.

యాంకర్: ఈ గుర్తుల లైబ్రరీ ఎవరు చేస్తారు?

లెక్చరర్: అది నాకు అప్పగించింది. (నవ్వు) కోడు రాయడానికి కుర్రాళ్లు ముందుకొస్తారు, గుర్తులు గీయడానికి ఎవరూ రారు. డేటాషీటు, అంటే తయారీ కంపెనీ ఇచ్చే వివరాల పత్రం, తెరిచి కాలు కాలు సరిచూడాలి, విసుగు. ఒక పిల్లవాడు 7805 అనే వోల్టేజ్ రెగ్యులేటర్ గుర్తుని కాపీ చేసి, పేరు 7905 అని మార్చి పంపాడు. 7805లో ఒకటో కాలు ఇన్‌పుట్, రెండోది గ్రౌండ్, మూడోది అవుట్‌పుట్. 7905లో ఒకటోది గ్రౌండ్, రెండోది ఇన్‌పుట్. ఆ గుర్తు నమ్మి బోర్డు చేస్తే ఐసీ కాలిపోవచ్చు. ట్రాన్సిస్టర్లదీ అంతే. బీసీ547ని చదునైన వైపు నుంచి చూస్తే కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904 అయితే ఎమిటర్, బేస్, కలెక్టర్. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ షాపుల్లో అది లేదంటే ఇది పట్టుకొస్తారు పిల్లలు. అందుకని నేనొక రూలు పెట్టాను. గీసినవాడు కాకుండా ఇంకొకడు డేటాషీటు పక్కన పెట్టుకుని సరిచూస్తే తప్ప గుర్తు లైబ్రరీలోకి పోదు.

యాంకర్: చిన్న ప్రాజెక్టు కదా, రేపు మీరు ఆపేస్తే? అన్నగారు గీసిన బొమ్మలన్నీ ఏమవుతాయి?

డెవలపర్: మంచి ప్రశ్న. పెద్దవాళ్లు కూడా ఆపేస్తారండీ. ఈగిల్ అని చాలామంది వాడిన బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ సంగతే చూడండి. 2016లో దాన్ని ఆటోడెస్క్ కంపెనీ కొనుక్కుంది. 2026 జూన్ 7తో ఆపేస్తామని 2023లో ప్రకటించింది. అయినా ఈగిల్‌లో గీసిన బొమ్మలు చావవు. ఎందుకంటే ఆరో వెర్షన్ నుంచి ఫైలుని ఎక్స్‌ఎంఎల్ అనే టెక్స్ట్ రూపంలో పెట్టారు. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. 2018లో వచ్చిన కైక్యాడ్ 5 వాటిని నేరుగా తెరిచింది. అంతకుముందు 1998లో అలెస్ హ్వెజ్దా మొదలుపెట్టిన జీడా అనే సర్క్యూట్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఫైళ్లు ఇంకా సాదా. ఒక వైరు ముక్క అంటే ఒక లైను. ముందు ఎన్ అనే అక్షరం, తర్వాత రెండు కొసల అంకెలు, ఆపైన రంగు. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా తెలుస్తుంది. నాదీ అలాంటి టెక్స్ట్ ఫైలే.

లెక్చరర్: గుర్తుల్ని ఫైలు లోపలే పెట్టావా, బయటా?

డెవలపర్: లోపలే సార్. అది కైక్యాడ్ అనుభవం చూసి నేర్చుకున్నదే. 6కి ముందు వెర్షన్లలో స్కీమాటిక్ ఒక ఫైలు, అందులో వాడిన గుర్తులు క్యాష్ అని ఇంకో ఫైలు. మిత్రుడికి మొదటిది పంపి రెండోది మరిచిపోతే అవతల గుర్తుల స్థానంలో ప్రశ్నార్థకాలు. 2021 డిసెంబర్‌లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి గుర్తులు కూడా స్కీమాటిక్‌లోనే ఉంటున్నాయి.

యాంకర్: తెలుగులో పేర్లు రాసుకోవచ్చా ఇందులో? ఈ కాగితం మీద 'స్టార్టర్' అని తెలుగులోనే ఉంది.

ఎలక్ట్రీషియన్: దానికి నాలుగు నెలలు పట్టింది. మొదటి ప్రింటులో సకారానికి పొల్లు పెట్టి పక్కన 'టా' విడిగా వచ్చింది. రైతు చూసి, ఇదేం తెలుగయ్యా అన్నాడు.

డెవలపర్: మొదట నేను అక్షరాలని ఒక్కొక్కటిగా గీసేదాన్ని. ఇంగ్లీషుకి చెల్లుతుంది. తెలుగుకి వత్తు కింద పడాలి, గుణింతం అతుక్కోవాలి. ఆ పని హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ చేస్తుంది, అది కలిపితే తెరమీద సరిపోయింది. పీడీఎఫ్‌లో మళ్లీ విడిపోయింది, ఎందుకంటే పీడీఎఫ్ రాసే కోడు వేరే దారిలో పోతోంది. రెండింటికీ ఒకటే దారి పెట్టాక కుదిరింది. పని కష్టం కాదు, ఎక్కడ విడిపోతోందో కనిపెట్టడానికే నెలలు.

యాంకర్: సమయం దగ్గరపడింది. అన్నగారూ, ఇంకేమైనా అడగాలా మేడమ్‌ని?

ఎలక్ట్రీషియన్: ఒక్కటే ఉందండి. చూడండి, ఈ గీత మీద 7 అని ఉంది. నిన్న ఇంకో ఇండికేటర్ ల్యాంపు కలిపి మళ్లీ ప్రింట్ తీస్తే అదే గీత మీద 9 వచ్చింది.

డెవలపర్: నెట్‌లకి నంబర్లు అదే వేసుకుంటుందన్నా. ప్రతిసారీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. కనెక్షన్ మారలేదు, నంబరే మారింది. నెట్‌లిస్ట్‌కి ఏ ఇబ్బందీ లేదు.

ఎలక్ట్రీషియన్: నెట్‌లిస్ట్‌కి లేదేమో మేడమ్. ప్యానల్లో వైరుకి రెండు కొసలా ఫెర్రూల్, అంటే నంబరున్న చిన్న గొట్టం, తొడిగేశాను, 7 అని. వైరు ఊడదీస్తే తప్ప ఫెర్రూల్ రాదు. కాగితం 9 అంటోంది, వైరు 7 అంటోంది. రేపు ఎవడో కుర్రాడు కాగితం నమ్మి 9 వెతుక్కుని ఇంకో వైరు పీకుతాడు.

లెక్చరర్: (నవ్వు) 99.99999 అయిపోయింది, ఇప్పుడిది.

డెవలపర్: ఇది నాకు తట్టనే లేదు. ఒకసారి వేసిన నంబరు ఫైల్లో రాసి పెట్టేయాలి... రెండు నెట్‌లు కలిస్తే రెండు నంబర్లలో ఏది ఉంచాలి?

ఎలక్ట్రీషియన్: ముందు తొడిగింది.

డెవలపర్: మరి ఒక నెట్‌ని తెంపి రెండు చేస్తే?

ఎలక్ట్రీషియన్: కాయిల్ వైపుది పాతదే ఉండాలి. రెండోదానికి ఇంతవరకూ వాడని నంబరు. పీకేసిన నంబరు మళ్లీ వాడకూడదు, పాత ఫెర్రూల్ ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది.

డెవలపర్: సార్, మీ పెన్ను ఒకసారి ఇస్తారా?