అత్తయ్య ఎర్ర కలం

శ్రోతలకు నమస్కారం.

మా మేనత్తకు చక్కెర వ్యాధి వచ్చి 18 ఏళ్లయింది. పొద్దున్నే వేలికి సూది గుచ్చుకుని, మీటరు చూసి, పాత పాల లెక్కల పుస్తకంలో అంకె రాసుకుంటుంది. ఒకరోజు ఆ పుస్తకం తిరగేశాను. 130 దాకా నీలం సిరా, అది దాటితే ఎర్ర సిరా. ఎర్ర అంకె కనిపించిన చోటల్లా పక్కన ఒకటే మాట: ‘నా తప్పే’. ఆమె రిటైరైన లెక్కల టీచరు లెండి. పిల్లల పేపర్లు దిద్దిన చేత్తోనే తన ఒంటినీ దిద్దుకుంటోంది.

ఆ ఎర్ర అంకెల్లో ఒకటి 186. ముందురోజు రాత్రి ఆమె తిన్నది ఒక పుల్కా, కాస్త బీరకాయ కూర. మరి ఎందుకు పెరిగింది? తెల్లవారుజామున ఒంట్లో కొన్ని హార్మోన్లు పెరుగుతాయి. వాటి ప్రభావంతో కాలేయం తాను దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని వారిలో దానికి అడ్డుకట్ట పడదు. నిద్ర చాలకపోయినా, చిగుళ్లకు చీము పట్టినా, స్టెరాయిడ్ మాత్రలు వాడినా అంకె ఎగబాకుతుంది. ఇందులో మనిషి చేసిన నేరం ఏముంది?

దిగులు పట్టిన మనసు మాత్రం ఈ లెక్కలేవీ వినదు. కొడుకు ఫోను ఎత్తకపోతే ‘నా రోగం గోల వినలేక ఎత్తలేదు’ అంటుంది. పెళ్లిలో ఒక లడ్డూ తింటే ‘ఇక అంతా పోయింది’ అంటుంది, ఇంకో మూడు తినిపిస్తుంది. ఈ లడ్డూల సంగతి నేను కళ్లారా చూసిందే. మొదటిది చేసిన చేటు కొంచెమే. మిగిలిన మూడూ తినిపించింది ఆ ఆలోచన.

1960ల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు డిప్రెషన్ రోగుల మాటలు వింటూ ఇదే కనిపెట్టాడు. ఇలాంటి మాటలు మనసులో వాటంతటవే మెరుస్తాయి. అవి ఆలోచనలే అన్న సంగతి మరిచి నిజమని నమ్ముతాం. వాటిని పట్టుకుని ‘దీనికి సాక్ష్యం ఏమిటి?’ అని అడగడం ఆయన చికిత్సకు ఆయువుపట్టు. ‘అంతా మంచే జరుగుతుందనుకో’ అని చెప్పడం చికిత్స కాదు. ఆ సలహా వింటే నాకు ఒళ్లు మండుతుంది.

చక్కెర వ్యాధి ఉన్నవారిలో డిప్రెషన్ మిగతావారికన్నా సుమారు రెట్టింపు. చిక్కేమిటంటే అలసట, నిద్ర చెడడం, ఆకలి తేడా రెండింటిలోనూ ఉంటాయి. ‘అంతా షుగర్ వల్లే’ అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. అందుకే వైద్యులు ముందుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. గత రెండు వారాలుగా దిగులుగా, ఆశ లేనట్టుగా ఉంటోందా? ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయిందా? అత్తయ్య ఆదివారం గళ్లనుడికట్టు నింపడం మానేసి అప్పటికి నాలుగు నెలలు. పత్రిక మడత కూడా విప్పకుండా పాతకాగితాల్లో చేరేది. ఇంట్లో ఇంతమందిమి ఉండి ఒక్కరం కూడా ఎందుకని అడగలేదు.

మీ ఇంట్లో ఈ ప్రశ్నలకు ‘అవును’ అని జవాబు వస్తే, చక్కెర వ్యాధికి చూసే వైద్యుడికే ఆ మాట చెప్పండి. డిప్రెషన్‌కు మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది. రెండూ చక్కెర వైద్యంతో పాటే సాగుతాయి. మనసు బాధలకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలిమానస్, నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న మాట నోట వస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకండి, మనిషిని ఒంటరిగా వదలకండి.

అత్తయ్య పుస్తకం చూసిన డాక్టరమ్మ, “ఆ ఎర్ర కలం నాకిచ్చేయండి టీచరుగారూ. అంకె పక్కన మార్కులు వేయకండి, ఆ రోజు ఏం జరిగిందో రాయండి చాలు” అన్నారు.

కలం ఇవ్వడానికి అత్తయ్య మూడు వారాలు బెట్టు చేసింది. మొన్న మళ్లీ ఆ పుస్తకం చూశాను. ‘171. రాత్రంతా కరెంటు లేదు. దోమలు.’ దాని కింద, ‘164. మనవడి పుట్టినరోజు. ఒక బూరె. నెయ్యి తక్కువైంది.’