పేజ్‌మేకర్ ఫైలు నుంచి ఈబుక్ దాకా
(విజయనగరంలో రచయితల కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి రచయితలకు నమస్కారం.

మన ప్రాంతంలో కథలూ కవితలూ రాసేవాళ్ళ పుస్తకాలు చాలావరకు ఒకే దారిన అచ్చయ్యాయి. చేతిరాత కాగితాలు డీటీపీ చేసేవారికి ఇస్తాం. వారు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో కంపోజ్ చేస్తారు. రెండు మూడు ప్రూఫులు దిద్దాక ప్రెస్సుకు వెళ్తుంది. కాపీలు పంచిపెట్టడం అయ్యాక పెన్‌డ్రైవులో ఒక ఫైలు మిగులుతుంది. ఇవాళ్టి మాట ఆ ఫైలు గురించే. దాన్ని ఫోనులో చదువుకునే పుస్తకంగా మార్చే సాఫ్ట్‌వేర్ ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది, మార్పిడి నిమిషాల్లో అయిపోతుంది. పనంతా దానికి ముందే ఉంది. తెలుగు పుస్తకానికి మరీను.

ముందుగా మీ ఫైలు ఏ జాతిదో తేల్చుకోండి. అందులోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగు కనిపిస్తే అది యూనికోడ్, అంటే ఒక్కో లిపికి సొంత సంకేతాలున్న పద్ధతి. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే పాత ఫాంటు. పాత ఫాంట్లలో లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ యూనికోడ్‌లో తెలుగు ఉంది, మన లిపికి 128 స్థానాలు కేటాయించారు. ఈబుక్ చదివే యాప్‌లన్నిటికీ కావలసింది అదే.

ఇక్కడ చాలామంది అడిగే మాట: ‘పీడీఎఫ్ ఉంది కదండీ, దాన్నే కన్వర్టర్‌లో వేసేస్తే పోదా?’ పోదు. పీడీఎఫ్‌కు పేజీ తెలుసు గానీ పేరా తెలియదు. దాన్ని ఈపబ్ (ఈబుక్ ఫైలు రకం) చేస్తే ప్రతి వరసా మధ్యలో విరుగుతుంది, పేజీ నంబర్లు, పైన ఉండే పుస్తకం పేరు కథ మధ్యలోకి వచ్చి కూర్చుంటాయి. యూనికోడ్‌లో చేసిన పీడీఎఫ్ నుంచి కాపీ చేసినా వత్తులు చెదిరిపోతుంటాయి, ఎందుకంటే పీడీఎఫ్‌లో దాచేది అక్షరాల బొమ్మల్ని. అందుకని పేజ్‌మేకర్ అసలు ఫైలే అడిగి తీసుకోండి. ప్రెస్సుకు డబ్బు కట్టే రోజునే అడిగితే ఇంకా మంచిది.

అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు వెబ్‌లో ఉన్నాయి. అనూ వెర్షన్ ఏదో డీటీపీ వారిని అడిగి, కన్వర్టర్‌లో అదే ఎంచుకోవాలి. అది తప్పితే కొన్ని అక్షరాలు పుస్తకమంతా ఒకే రకంగా తప్పొస్తాయి. వచనంలో మధ్యమధ్య ఉన్న నిజమైన ఇంగ్లీషు మాటల్ని కూడా కన్వర్టర్ తెలుగు అనుకుని మార్చేస్తుంది. వాటిని ముందే ఒక జాబితాగా రాసుకుని, తర్వాత చేత్తో సరిచేయాలి.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు వత్తుల వరస. పాత ఫాంటులో ‘స్త్రీ’ అంటే ముందు సీ, ఆ కింద వత్తులు. యూనికోడ్‌లో స, తవత్తు, రవత్తు అయ్యాకే దీర్ఘం. ఈ వరస మార్చడం చేతకాని కన్వర్టర్ ‘సీ్త్ర’ అనీ, క్రీడను ‘కీ్రడ’ అనీ ఇస్తుంది. వెబ్‌సైట్లలో ఈ వింత మాటలు చూసే ఉంటారు. మూడు వందల పేజీల్లో వీటిని కంటితో ఏరలేం, ఏరనక్కర్లేదు కూడా. తెలుగులో గుణింతపు గుర్తు తర్వాత పొల్లు ఎప్పుడూ రాదు, వచ్చిందంటే అది తప్పే. లిబ్రాఆఫీస్ రైటర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు అన్న గడిలో టిక్ పెట్టి, వెతకాల్సిన చోట ([ా-ౌ])((్[క-హ])+) అనీ, బదులు చోట $2$1 అనీ ఇవ్వండి. గుర్తును వెనక్కీ, వత్తుల్ని ముందుకీ జరుపుతుంది. పుస్తకం మొత్తం ఒక్క దెబ్బకు సర్దుకుంటుంది. అసలు ఫైలుకు ఒక కాపీ తీసి ఉంచుకున్నాకే చేయండి.

ఇంకో రెండు. సున్న ఉండాల్సిన చోట అంకె సున్నో, ఇంగ్లీషు ‘ఓ’నో దూరి ఉంటుంది. కంటికి తేడా తెలియదు, వెతికితే మాట దొరకదు, ఫోను చదివి వినిపిస్తే నవ్వొస్తుంది. రెండోది ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలు. టకారపు పొల్లు తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి ఉండాలి, అది కన్వర్టర్లో రాలిపోతే ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. వర్డ్‌లో 200 అంకె, వెంటనే ఇంగ్లీషు ‘సీ’ అక్షరం కొట్టి, ఆల్ట్ పట్టుకుని ఎక్స్ నొక్కితే ఆ గుర్తు పడుతుంది.

ఫైలే లేదు, అచ్చు పుస్తకం మాత్రమే ఉందంటారా? పేజీల ఫొటోలను గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మ కింద అక్షరాలుగా ఇస్తుంది, తెలుగూ చదువుతుంది. ఒక్కో ఫైలు 2 ఎంబీ దాటకుండా, పేజీ వంకర లేకుండా చూసుకోండి. ద-ధ, ప-ష, ఘ-ఫ తారుమారవుతాయి. ప్రూఫు చదవక తప్పదు. ఆ చదివేది స్పెల్‌చెక్కర్‌కు మాత్రం వదలకండి. మన కథల్లో ‘గుంటడు’, ‘ఒగ్గేయ్’ లాంటివన్నీ దానికి తప్పులే. అది దిద్దిందంటే కళింగాంధ్ర యాస పోయి కథ చప్పబడుతుంది.

పాఠం శుభ్రపడ్డాక కూర్పు. ప్రతి కథ పేరుకూ హెడింగ్ 1 స్టయిల్ ఇవ్వాలి. అక్షరం పెద్దది చేసి బోల్డ్ కొడితే చాలదు, విషయసూచిక హెడింగుల నుంచే తయారవుతుంది. కొత్త కథ కొత్త పేజీలో మొదలవ్వాలంటే పేజ్ బ్రేక్ పెట్టండి, వరసగా ఎంటర్లు కొట్టకండి. పేరా మొదట్లో జరుపుడు ట్యాబ్‌తో కాకుండా పేరాగ్రాఫ్ ఇండెంట్‌తో ఇవ్వాలి. కవితలకు పాదం చివర షిఫ్ట్ పట్టుకుని ఎంటర్, చరణం చివర ఉత్త ఎంటర్. ఇది పాటించకపోతే ఫోనులో ప్రతి పాదానికీ మధ్య జాగా పడి కవిత కిరాణా చీటీలా కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ ఫైలును వర్డ్ ఫైలుగా సేవ్ చేసి, గూగుల్ డాక్స్‌లో తెరవండి. ఫైల్ మెనూలో భాషను తెలుగుగా మార్చి, డౌన్‌లోడ్‌లో ఈపబ్ ఎంచుకోండి. అంతే, ఈబుక్ వచ్చేసింది. భాష ఇంగ్లీషుగా ఉండిపోతే చదివి వినిపించే యాప్ తప్పు గొంతు ఎత్తుకుంటుంది, అందుకే ఆ మాట. పేరు తెలియని ఉచిత కన్వర్టర్ సైట్లలో మాత్రం ఇంకా అచ్చుకాని రచన వేయకండి. ఫైలు ఎన్ని గంటల్లో చెరిపేస్తారో వాళ్ళ నిబంధనల్లో రాసి ఉందా లేదా చూడండి. లేకపోతే వదిలేయండి.

అట్ట, ఫాంటు మాత్రం గూగుల్ డాక్స్ చేర్చదు. వాటికి కాలిబర్ అనే ఈబుక్ సాఫ్ట్‌వేర్ వాడండి. కంప్యూటర్‌లో వేసుకునేది, ఉచితం. ఈపబ్‌ను అందులోకి లాగి, మెటాడేటాలో (పుస్తకం వివరాలుండే చోట) అట్ట బొమ్మ పెట్టండి. అమెజాన్ సూచించే కొలత 2560 పిక్సెళ్ళ ఎత్తు, 1600 వెడల్పు, మిగతా చోట్లా పనికొస్తుంది. తర్వాత ఈపబ్ నుంచి ఈపబ్‌కే మళ్ళీ కన్వర్ట్ చేయాలి. లుక్ అండ్ ఫీల్‌లో కనీస వరస ఎత్తు 120 శాతం ఉంటుంది. తెలుగు కింద వత్తులు వేలాడే లిపి, 150 చేయండి. రెండు వైపులా సమంగా సర్దే అమరిక వద్దు. మన మాటలు పొడుగు, చిన్న తెరమీద మధ్యలో గుంతలు పడతాయి. మొదటి అక్షరాన్ని పెద్దగా చూపించే అలంకారమూ వద్దు, ‘క్షే’ లాంటివి ముక్కలవుతాయి.

ఫాంటు పొందుపరిచేటప్పుడు హక్కు చూడాలి. డీటీపీ ఫాంట్లను అలా ఇచ్చేయకూడదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, నోటో సెరిఫ్ తెలుగు ఓపెన్ లైసెన్సువి, వచనానికి బాగుంటాయి. మన గురజాడ, గిడుగు గార్ల పేరిట కూడా అక్కడ ఫాంట్లున్నాయి, కానీ అవి శీర్షికలకే తగినవి. కథంతా గురజాడలో పెడతామన్న సరదా ఉంటే మానుకోండి.

పంపే ముందు, ఈపబ్‌లో తప్పులు పట్టే సాధనం ఈపబ్‌చెక్‌తో తనిఖీ చేయించండి. బొమ్మల ఫైళ్ళ పేర్లలో ఖాళీలు ఉంటే అభ్యంతరం చెబుతుంది. తర్వాత ఒక చవక ఆండ్రాయిడ్ ఫోనులో, ఒక కంప్యూటర్‌లో తెరిచి, అక్షరం సైజు బాగా పెంచి చూడండి.

అమ్మకం దగ్గర ఒక సంగతి. 2016లో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం చేర్చింది, ఆ అయిదింటిలో తెలుగు లేదు. గూగుల్ ప్లే బుక్స్ ఈపబ్, పీడీఎఫ్ తీసుకుంటుంది, తెలుగు పుస్తకాలు అక్కడ అమ్ముతున్నారు. మోబీ (కిండిల్ పాత ఫైలు రకం) కోసం తంటాలు పడకండి, దాని కాలం అయిపోయింది. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) మన దేశంలో ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది. అచ్చు పుస్తకానికి ఉన్న నంబరు ఈపబ్‌కు వాడకూడదు, వేరే తీసుకోవాలి.

ఊరి పాత రచయితల పుస్తకాలు చేద్దామనుకునేవారికి లెక్క ఇది: రచయిత మరణించిన తర్వాత ఏడాది మొదలు 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎవరైనా చేయొచ్చు. అయితే ఈమధ్య వేసిన ప్రతిలోని ముందుమాట, పీఠిక, వివరణలు ఆ సంపాదకులవి, వాటిని తీసేయాలి. కథకుడు చాసో (చాగంటి సోమయాజులు) 1994లో పోయారు, ఆయన కథలకు 2054 చివరిదాకా అనుమతి కావాలి.

పెన్‌డ్రైవులు తెచ్చినవారు ముందుకు రండి. మొదట ఒక పేరా వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూద్దాం.