నేనెవరో చెప్పు బాబాయ్

శ్రోతలకు నమస్కారం. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన మనిషిని చూడ్డానికి మన బెజవాడలో చుట్టాలు వస్తే, చెప్పులు విప్పీ విప్పకముందే అడిగేది ఒకటే: "బాబాయ్, నేనెవరో చెప్పు చూద్దాం!" ఆయన చెప్పలేడు. "అయ్యో, మతి కూడా పోయింది" అనేస్తారు, ఆయన ముందే. మతి పోలేదండీ. మాట పోయింది.

ఈ తేడా తెలియాలంటే లెబోర్న్ సంగతి వినాలి. పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో ఉండేవాడు. 30వ ఏట మాట పడిపోయింది. ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు. ఆయన పేరే టాన్ అయిపోయింది. 1861లో కాలు కుళ్లి, బ్రోకా అనే సర్జన్ దగ్గరికి వచ్చాడు. "ఇక్కడ ఎన్నేళ్ల నుంచి ఉంటున్నావు?" అని బ్రోకా అడిగాడు. టాన్ ఎడమ చెయ్యి నాలుగుసార్లు తెరిచి చూపించాడు, ఆపైన ఒక్క వేలు. నాలుగైదులు ఇరవై, ఒకటి ఇరవై ఒకటి. లెక్క సరిగ్గా సరిపోయింది! మర్నాడు అదే ప్రశ్న, అదే జవాబు. మూడోసారి అడిగేసరికి, పరీక్ష పెడుతున్నారని టాన్‌కి అర్థమైంది. కోపం వచ్చి ఒక తిట్టు తిట్టాడు. శుభ్రంగా! నాకు బాగా నచ్చే ఘట్టం ఇదే. "టాన్" తప్ప పలకని నోట తిట్టు మాత్రం వచ్చింది. అలవాటైన తిట్లు, అంకెల వరస, పాటలు చాలామందికి మిగిలే ఉంటాయి. "పాడతాడు గానీ మాట్లాడడు, అంతా నాటకం" అనకండి.

కొద్దిరోజులకే టాన్ చనిపోయాడు. పోస్టుమార్టంలో చూస్తే, మెదడులో ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. మెదడు దెబ్బతిని ఇలా మాట పోవడాన్ని డాక్టర్లు అఫేసియా అంటారు. కొందరిలో ఇది తలకిందులుగా ఉంటుంది: గడగడా మాట్లాడతారు, అర్థం ఉండదు, మన మాటా వాళ్లకు సరిగా అందదు. అన్నట్టు, ఎవరికైనా ఉన్నట్టుండి మాట తడబడితే రేపు చూద్దాం అనుకోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇక చుట్టాలకి. పరీక్షలు మానండి. "బాబాయ్, నేను మీ అన్నగారి రెండో అమ్మాయిని" అని మీరే చెప్పండి. టీవీ ఆపండి. ఈ రేడియో కూడా ఆపండి, ఏమీ అనుకోను. అరవకండి, ఆయనకు చెవుడు లేదు. కాఫీయా, మజ్జిగా అని అడిగేటప్పుడు రెండు గ్లాసులూ చూపించండి. ఆగండి. మీకు చాలాసేపు అనిపిస్తుంది, అయినా ఆగండి. అవునని చెప్పాలనుకుని కాదనడం కూడా ఉంటుంది, అందుకని నోటిని కాదు, చెయ్యి ఏ గ్లాసు వైపు వెళ్తుందో చూడండి. కుడిచెయ్యి పడిపోయి ఉంటే గ్లాసులు ఎడమచేతికి అందేలా పెట్టండి.